కషాయం మందు కాదనుకున్నాను

అక్క పోయిన కొన్ని వారాలకు, సన్నీవేల్‌లో మా ఆఫీస్ మీటింగ్ మధ్యలో కడుపు బిగుసుకుపోయి లేచి వెళ్లాల్సి వచ్చింది. చాలా రోజులుగా విరేచనం సరిగా కావడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. అక్కకీ ఇలాగే మొదలైంది. "ఏం లేదే, అరగట్లేదంతే," అని నెలల తరబడి తనుండే ఐసెలిన్ నుంచి ఫోన్‌లో చెప్పింది. చివరికి కోలన్ క్యాన్సర్, అంటే పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది.

మా ప్రైమరీ డాక్టర్ నీళ్లలో కలుపుకునే పౌడర్ రాసి, "ఫ్యామిలీ హిస్టరీ ఉంది, కొలనోస్కోపీ చేయించుకోండి," అన్నారు. నేను బుక్ చేయలేదు. పేగులోకి కెమెరా పంపి చూస్తే ఏం కనిపిస్తుందోనని భయం.

బదులుగా, పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే చైనీస్ ఆవిడ చెప్పిన హెర్బల్ క్లినిక్‌కి వెళ్లాను. అక్కడి డాక్టర్ నా నాలుక చూసింది. రెండు చేతుల నాడి పట్టుకుంది. కాచుకుని తాగడానికి మొక్కల వేళ్లు, బెరడు, ఎండు గింజలు పొట్లాలు కట్టి, "రెండు వారాలే. తర్వాత మళ్లీ రండి," అంది.

మర్నాడే కడుపు తేలికైంది. మళ్లీ వెళ్లలేదు. అవే పొట్లాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటూ నెలలు గడిపాను. రానురానూ ఒక గ్లాసు చాలక రెండు తాగాను. తాగని రోజు అసలు అయ్యేది కాదు. అప్పుడు భయం రెట్టింపైంది.

"కొలనోస్కోపీ నువ్వు బుక్ చేస్తావా, నన్ను చేయమంటావా?" అన్నారు మా ఆయన. ఆయనే చేశారు.

మత్తు దిగాక, పరీక్ష చేసిన డాక్టర్ ఫోటో చూపించింది. "లైనింగ్ డార్క్‌గా ఉంది." పేగు గోడలు గోధుమ నలుపులో ఉన్నాయి. నాకు అక్క రిపోర్ట్ గుర్తొచ్చి, ఆ తర్వాతి మాటలు చెవికెక్కలేదు. ఆమె మళ్లీ చెప్పింది: "క్యాన్సర్ కాదు. పాలిప్స్ లాంటి గడ్డలూ లేవు. ఇది మెలనోసిస్ కోలై. విరేచనం అయ్యే మందులు, కొన్ని రకాల లాక్సేటివ్స్, ఎక్కువ కాలం వాడితే వస్తుంది. మీరేమైనా వాడుతున్నారా? హెర్బల్‌వి?"

"ఏమీ లేదు," అన్నాను. అంతకుముందు నర్సుకీ అదే చెప్పాను.

పక్కనే ఉన్న మా ఆయన తెలుగులో అందుకున్నారు. "మరి పొద్దున్నే ఇల్లంతా కంపు కొట్టించి తాగేదేంటి?"

"అది కషాయమండీ. మందెలా అవుతుంది?"

ఆయన ఫోన్‌లో నా ఆన్‌లైన్ ఆర్డర్ తెరిచి, పొట్లం ఫోటో డాక్టర్‌కి చూపించారు. "రుబార్బ్ రూట్. సెన్నా ఆకు లాంటి లాక్సేటివే," అంది డాక్టర్. "మానేస్తే రంగు మెల్లగా పోతుంది. మానడమే కష్టం."

నిజంగానే కష్టమైంది. మొదట ప్రైమరీ డాక్టర్ రాసిన పౌడర్‌కి అలవాటు పడేదాకా, కడుపు ఉబ్బిన ప్రతిసారీ ఆ రిపోర్ట్ తప్పేమో అనిపించేది. ఇప్పుడు పౌడర్, నడక, వేళకి తిండితో గడుస్తోంది. కొన్నేళ్లకు మళ్లీ కొలనోస్కోపీ ఉంది.

మొన్న అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, ఇట్స్ నథింగ్. అరగట్లేదు, అంతే."

నేను వెంటనే అడిగాను. "ఏం మందులు వాడుతున్నావు?"

"మందులేం లేవు పిన్నీ. జస్ట్ ఒక టీ."

"ఆ టీ ప్యాకెట్ పట్టుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లు. అమ్మ సంగతీ చెప్పు," అన్నాను.

మీకూ నేను చెప్పేది అదే. మీరు కాచుకుని తాగేది ఏదైనా సరే, ప్యాకెట్‌తో సహా డాక్టర్ ముందు పెట్టండి.