సున్నా దగ్గర మొదలుపెట్టిన లెక్క

ఆ వెల్డర్ని నలుగురిలో నిలబెట్టి ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

శ్రీముఖలింగం వెళ్ళే దారిలో ఉంది మా అప్పని, అదే మా అక్కని, ఇచ్చిన ఊరు. ఆ ఊరి చెరువు మదుముకి, అంటే పొలాలకి నీళ్ళు వదిలే తూముకి, ఇనప షట్టరు తుప్పుపట్టి చిల్లులు పడిపోయింది. రైతులే తలో చెయ్యి వేసి కొత్తది చేయించుకుందామనుకున్నారు. రేకు ఎంత మందం వెయ్యాలన్న దగ్గర పేచీ వచ్చింది. మా బావ లేచి, "మా మరదలు ఇజీనారం కాలేజీలో లెక్కల మేడమ్. అది సెప్తాది, ఆగండి" అన్నాడట. మదుము కిందనే బావ మడి, ఎకరన్నర. ఇంటికి ఏడాది తిండిగింజలు అందులోంచే రావాలి.

నేను వెళ్ళింది నడివేసవిలో. చెరువు అడుగంతా బీటలు తీసి ఉంది. టేపు పెట్టి కొలిస్తే షట్టరు మీటరు ఎత్తు, మీటరు వెడల్పు. బావ గట్టు మీదికి చెయ్యి చూపించి, "సెరువు నిండితే దీని నెత్తిన నిలువెత్తుకి పైనే నీరుంటాది, పిల్లా" అన్నాడు. సొంత చెరువు గొప్ప చెప్పుకుంటున్నాడనుకుని నవ్వేశాను. గట్టు మీదే కూర్చుని కాగితం తీశాను. లోతుకి వెళ్ళేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి షట్టరు పలకని సన్నటి అడ్డపట్టీలుగా ఊహించుకుని, ఒక్కో పట్టీ మీద పడే బలాన్ని సమాకలనంతో కూడాలి. పదహారేళ్ళుగా బోర్డు మీద వేస్తున్న లెక్కే. సున్నా నుంచి ఒకటి దాకా కూడాను. అర టన్ను వచ్చింది. "ఈపాటి బరువుకి మందం రేకు దండగ, పల్చనిది చాలు" అని రాసి కింద సంతకం కూడా పెట్టాను. ఎవరడిగారు నన్ను సంతకం?

వరి ఊడ్చి ఉభాలయిన వారానికి, నాట్లు ఇంకా వేళ్ళు పట్టకుండానే, వాన దంచికొట్టింది. చెరువు నిండింది. నా కాగితం చూసి ఊరి వెల్డర్ చేసిన షట్టరు నడిమధ్యన పూరీలా ఉబ్బి గాడిలోంచి ఊడిపోయింది. బావ నాటిందంతా నీళ్ళు ఎత్తుకుపోయాయి, మడినిండా ఇసక మేట వేసింది. మళ్ళీ నాటుదామంటే రెండ్రోజుల్లో చెరువే ఖాళీ.

కబురు విని విజయనగరంలో బస్సెక్కాను. అరికాలి మంట నెత్తికెక్కి, తిన్నగా వెల్డర్ షెడ్డుకే వెళ్ళాను. నాసిరకం రేకు వేశావన్నాను. అతుకు సరిగ్గా వెయ్యలేదన్నాను. నోటికాడి కూడు తీశావన్నాను. చుట్టూ చేరినవాళ్ళు కూడా తలో మాటా అన్నారు. ఆయన తల వంచుకుని విన్నాడు. ఎదురు చెప్పలేదంటే తప్పు చేసినవాడేనని తేల్చేసుకున్నాను.

అంతటితో ఊరుకున్నానా? ఆయన మీద ఫిర్యాదు రాసి దానికి నా లెక్క జతచేద్దామని మర్నాడు పొద్దున్నే మదుము దగ్గరికి వెళ్ళాను. గోడ మీద నీళ్ళు నిలిచిన మరక ఇంకా తడిగా ఉంది. షట్టరు పైఅంచు ఉండే చోటు నుంచి ఆ మరక దాకా టేపు పట్టాను. రెండు మీటర్లు. అంటే నీటి పైమట్టం నుంచి లోతు సున్నా నుంచి ఒకటి కాదు, రెండు నుంచి మూడు దాకా కూడాలి. అర టన్ను కాదు, రెండున్నర టన్నులు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు.

ఒకసారి క్లాసులో ఒకమ్మాయి ఈ మాటే అడిగింది. "పలక పైఅంచు నీటిమట్టానికి కిందుంటే ఎలాగ, మేడమ్?" అంటే, "పరీక్షలో అలా ఇవ్వరు. సున్నా నుంచే ఇస్తారు, రాసుకో" అన్నాను. పరీక్ష పేపరు మీద కోపం వచ్చింది, పుస్తకం మీద వచ్చింది. కానీ ఆ మాట అన్నది పేపరూ కాదు, పుస్తకమూ కాదు. నేను.

ఒప్పుకోవడానికి బయల్దేరుతుంటే బావ అడ్డం పడ్డాడు. "ఊరుకోయే పిల్లా. నలుగురిలో నీ పరువు పోతాది. ఆడెలాగూ మాట పడినాడు కదా."

"నా తప్పుకి ఆయనెందుకు పడాలి బావా?" అని అరిచాను. పంట పోగొట్టుకున్న మనిషి మీద అరవాల్సింది కాదు. అప్పటికి అదీ తెలియలేదు.

నిన్న ఎక్కడ తిట్టానో అక్కడే, అంతమందిలోనూ చెప్పాను. రేకుదీ తప్పు కాదు, అతుకుదీ కాదు, లోతు అడగకుండా లెక్క వేసిన నాది తప్పు అని. వెల్డర్ లేచి షెడ్డు వెనక్కి వెళ్ళి ఒక మందం రేకు ఈడ్చుకొచ్చి నా ముందు నిలబెట్టాడు. మీటరుకి మీటరు, కొలత ప్రకారం కోసి ఉంది.

"మీ కాగితం రాకముందే కోసీసినానమ్మా. మా అయ్య కాడినించీ ఆ మదుముకి ఈ మందమే ఏస్తన్నాం. సదువుకున్న మీరు పల్సనిది సాలన్నాక, నానేటనగల్ను?"