నిల్వ అన్న మాట తెచ్చిన తంటా

2024. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో పిల్లలకు వీడియో పాఠాలు తయారుచేసే కంపెనీలో నేను తెలుగు ఎడిటర్ని. ప్రపంచంలో చమురు ఎవరి చేతిలో ఉందన్న పాఠం పిల్లలకు వినిపించి పరీక్షించే దశ నుంచి ఆ వేసవిలో రెండుసార్లు తిరిగొచ్చింది. విన్న పిల్లలంతా ఒకే ప్రశ్న తప్పు చేస్తున్నారట. చమురు ఎక్కువగా ఉత్పత్తి చేసే దేశమేదంటే అమెరికా అనకుండా వెనిజులా అంటున్నారు.

అనువదించింది స్వప్న, కర్నూలు అమ్మాయి, ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. మూడోసారి వెనక్కొస్తే ఆమె ఉద్యోగం ఉండదని మేనేజరు తేల్చేశాడు. నేను ఆమె వాక్యాలన్నీ జల్లెడ పట్టాను. ఒక్క తప్పూ దొరకలేదు. గ్లాసరీ జోలికి మాత్రం పోలేదు. గ్లాసరీ అంటే ఏ ఇంగ్లిష్ మాటకు ఏ తెలుగు మాట వాడాలో రాసిపెట్టిన పట్టిక. అనువాదకులు దాన్ని దాటకూడదు. తయారుచేసింది నేనే కదా, ఇక చూసేదేముందని నా ధీమా.

ఓ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఇద్దరం ఆ పాఠాన్ని ఫోన్‌లో వింటున్నాం. వడ్డించే జయమ్మ, పుట్టి పెరిగిందంతా బెంగళూరే, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వెనిజులాలో అంత నూనె నిల్వ ఉండాదంటే, అన్ని డ్రమ్ములు యాడ పెట్టినారప్పా?"

స్వప్న పకపకా నవ్వింది. నేను మాత్రం ఫోన్‌లో గ్లాసరీ తెరిచాను. ఇంగ్లిష్ పాఠంలో ఉన్న మాట రిజర్వ్స్. అంటే భూమిలో ఉండి, ఇంకా బయటికి తీయని చమురు. దానికి 'నిల్వలు' అని గ్లాసరీలో రాసింది నేను. వినేవాళ్లకు నిల్వ అంటే తీసి దాచిన సరుకు. అంత దాచారంటే అంత తీసినట్టే కదా! పిల్లల ఆలోచన సరిగ్గానే ఉంది, నా మాటే తప్పు.

విషయం విడమరచి చెబితే, నేలలో ఉండేది వేరే, పైకి తీసేది వేరే అని అట్లే చెప్పొచ్చు కదా అంది జయమ్మ. ఆ వెంటనే ఇంకోటి అడిగింది.

"ఆ నేలలో ఉండేదంతా ఎవురిది? బంకు బోర్డు మీద పేర్లుండేవాళ్లదా?"

కాదు, చాలావరకు ఆయా దేశాల ప్రభుత్వ కంపెనీలదేనని చెప్పాను. జయమ్మ చెప్పినట్టే పాఠం దిద్ది, ఆ ప్రశ్ననూ అందులో చేర్చాం.

మేనేజరు దగ్గరికి వెళ్లి, "ఆ మాట నాది సార్. స్వప్న నేనిచ్చిందే రాసింది," అన్నాను. సిగ్గుతో చచ్చాననుకోండి. పాఠం మళ్లీ తిరిగిరాలేదు. స్వప్న ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు గ్లాసరీ చూసేది ఆమే. మొదటి వారంలోనే నేను పెట్టిన మాటలు పదకొండు కొట్టేసింది. ఒళ్లు మండి ఒక్కొక్కటీ పైకి చదివాను. పదకొండూ కొట్టేయాల్సినవే. తప్పు వెతకాలంటే ముందు మనం రాసిన కాగితమే తీయాలని అప్పుడు నేర్చుకున్నాను.