ఆరుగురు తిన్న రొయ్యల పచ్చడి

మొన్న శనివారం నా రీసెర్చ్ నన్ను ఎక్కడ కూర్చోబెట్టిందో తెలుసా? ముత్తియాల్‌పేటలో, పెరట్లో పీట మీద, మూడు కిలోల రొయ్యల ముందు! తప్పు నాదే లెండి, మొత్తం చెప్తాను.

మాది యానాం. ఈ తమిళ ఊరికొచ్చి స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా టాపిక్ ర్యాంక్ టెస్టులు. అంటే ఏది ముందు, ఏది వెనక అన్న వరస మాత్రమే చూసి రెండు గుంపుల మధ్య తేడా ఉందో లేదో తేల్చడం. ఉన్న తేడాని టెస్టు పట్టుకోగల శక్తిని పవర్ అంటారు. నాలుగేళ్లుగా ఆ పవర్ మీదే నా కుస్తీ.

మా ఇంటి ఓనరు కుప్పమ్మ పిన్నిగారు. ఎన్నో ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు. మేట్టుపాళయంలో ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేస్తారు. రోజంతా నిలబడి మోకాళ్లు పాడయ్యాయి. ఆవిడ పెట్టే రొయ్యల పచ్చడి శాంపిల్ నచ్చితే నెలనెలా తీసుకుంటామని ఒక కొట్టువాళ్లు అన్నారు. అది కుదిరితే ప్యాకింగ్ మానేయొచ్చు. చిక్కల్లా ఒకటే. అత్తగారు నేర్పిన చింతపండు పచ్చడి పంపాలా, తను కొత్తగా పెట్టిన నిమ్మరసం పచ్చడి పంపాలా? ఆవిడకి కొత్తదే ఇష్టం. కానీ సొంత నాలుక మీద నమ్మకం చాలక నన్నడిగారు.

నేను ఊరుకుంటానా? సైంటిఫిక్‌గా తేల్చేద్దాం అన్నాను. వీధిలో ఆరుగురిని పిలిచాను. చీట్లు తీసి ముగ్గురికి పాతది, ముగ్గురికి కొత్తది పెట్టాను, ఏదేదో చెప్పకుండా. పదికి మార్కులు వేయించాను. వరసలో పెడితే పై మూడు స్థానాలూ కొత్త పచ్చడివే. పిన్నిగారి మొహం వెలిగిపోయింది. నేను ల్యాప్‌టాప్ తెరిచి, టెస్టు నడిపి, తేడా ఉందని తేలలేదు అన్నాను.

"అట్నా," అన్నారు పిన్నిగారు నీరసంగా. "అయితే అత్త చేసేదే పంపిస్తా. ఆమె పేరన్నా నిలుస్తాది."

మర్నాడు డిపార్ట్‌మెంట్‌లో టీ తాగుతూ మా గైడ్ మేడమ్‌కి ఇదంతా గొప్పగా చెప్పాను. ఆరుగురిని ముగ్గురు ముగ్గురుగా ఎన్ని రకాలుగా విడదీయొచ్చు అని అడిగారావిడ. ఇరవై అన్నాను. రెండు పచ్చళ్లూ ఒకటే అయినా, ఏదో ఒకదానికి పై మూడు స్థానాలూ దక్కడం ఆ ఇరవైలో రెండుసార్లు జరుగుతుంది. తేడా ఉందని ఒప్పుకోడానికి నేను పెట్టుకున్న హద్దేమో ఇరవైలో ఒక్కసారే.

"కొత్తదానికి ఇంతకంటే మంచి రిజల్ట్ వచ్చే వీలుందా?" అన్నారు మేడమ్. లేదన్నాను.

"అంటే ఏమొచ్చినా నువ్వు చెప్పేది అదే. మరి వాళ్లకి పచ్చడి ఎందుకు పెట్టినట్టు?"

టీ గ్లాసు అక్కడే పెట్టేశాను. పవర్ మీద నాలుగేళ్లు చదివిన పెద్దమనిషి, పవర్ సున్నా ఉన్న టెస్టు చేశాడు! బండి తీసి ఇంటికి పరిగెత్తాను. గేటు ముందు పిన్నిగారు చింతపండు పచ్చడి సీసా పట్టుకుని ఆటో ఎక్కుతున్నారు. బండి అడ్డం పెట్టేశాను. ఆటో అతను తమిళంలో నన్ను నాలుగు తిట్టాడు, పడ్డాను. తప్పు పచ్చడిది కాదు, నా టెస్టుది అని చెప్పి, ఇంకా చాలామందికి పెట్టాలన్నాను. ఎంతమందికి అంటే నలభై అన్నాను.

"పచ్చడి నేను పెడతా. ఒలిచేది ఎవురు?" అన్నారు.

కొట్టువాళ్లని రెండు రోజులు ఆగమన్నాం. శనివారం పొద్దున్నే తేంగాయితిట్టు చేపల రేవుకి వెళ్లి రొయ్యలు తెచ్చాను. ఒలిచాను. మధ్యాహ్నం దాకా ఒలుస్తూనే ఉన్నాను. ఆదివారం నలభైమంది తిన్నారు. ఈసారి తేడా స్పష్టంగా తేలింది, నిమ్మరసమే గెలిచింది. కొట్టువాళ్లకీ అదే నచ్చి మొదటి నెలకి ఆర్డరిచ్చారు. వచ్చే నెల నుంచి రానని పిన్నిగారు గోడౌన్‌లో చెప్పేశారు. నాకెంత సంతోషమేసిందో!

ఆ సాయంత్రం నా థీసిస్‌లో ఏముంటుందని ఆవిడ అడిగారు. మనుషుల సంఖ్య అనంతం దాకా పెరుగుతూ పోతే టెస్టు ఎలా పనిచేస్తుందో రాస్తున్నానన్నాను. పిన్నిగారు ముళ్లు గుచ్చుకుని వాచిన నా వేళ్ల వంక చూశారు.

"దాన్లో అంతమందిని పెంచినావే, వాళ్లకి ఒక్క రొయ్యన్నా ఒలిచినావా నాయనా?"

లేదు పిన్నిగారూ అన్నాను. కాగితం మీద అనంతం వైపు ఒక బాణం గుర్తు గీశానంతే.