పాలాయన చూసిన నాలుగు అడుగులు

ఆ రోజుల్లో పిల్ల మొదటిసారి ఏం చేసినా కంటితో చూడాల్సిందే. ఫోను తీసి పట్టుకుని, తర్వాత తీరిగ్గా పదిసార్లు తిప్పి చూసుకునే సౌకర్యం లేదు. ఎదురుగా ఉన్నవాడు చూస్తాడు, లేనివాడు ఇంకొకరు చెబితే వింటాడు. ఇంత చిన్న సంగతి ఇరవై ఆరేళ్ల వయసులో నా బుర్రకు ఎక్కలేదు. ఎక్కేసరికి అరిసెల డబ్బా ఖాళీ అయిపోయింది.

అప్పుడు నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. మాది సూర్యాపేట, మా ఆవిడది కోదాడ. వాళ్ల ఇంట్లో పిల్ల నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసి ఊరంతా పంచాల్సిందే. "మరి తుమ్మితే ఏం పంచుతారు?" అని మొదట్లో నేను వేళాకోళం చేశాను. (మా అత్తగారు నవ్వలేదు.) కానీ మా పాప బోర్లా పడిన రోజు బొబ్బట్లు పట్టుకుని మిల్లుకు పోతే, కాంటా దగ్గరివాళ్ల నుంచి హమాలీల దాకా "సారు బిడ్డ బోర్లపడ్డదట" అంటూ చుట్టూ మూగారు. సేటు కూడా కళ్లజోడు తీసి నవ్వాడు. అప్పుడెక్కింది నాకు మత్తు. లోకంలో బోర్లా పడిన మొదటి పిల్ల మాదే అన్నట్టు వారం రోజులు తిరిగాను.

పాపకు పదకొండో నెల నడుస్తుండగా మా అత్తగారు వచ్చి, కొత్త బియ్యం, కొత్త బెల్లంతో డబ్బా నిండా అరిసెలు వండిపెట్టి, "రేపో మాపో అడుగులేస్తుంది అల్లుడుగారూ, అప్పటిదాకా మూత తియ్యకండి" అని చెప్పి కోదాడ బస్సెక్కారు. నాకున్న కోరిక ఒక్కటే. ఆ మొదటి అడుగు నేను చూడాలి, అది నా వైపే వేయాలి. దానికోసం తయారీలు కూడా చేసుకున్నాను. సాయంత్రం మిల్లు నుంచి వస్తూ సందు మలుపులో సైకిల్ బెల్లు మూడుసార్లు కొట్టేవాణ్ని. పాప గోడ పట్టుకుని లేచి నిలబడి, గుమ్మంకేసి చూస్తూ ఊగేది. ఊగి ఊగి చతికిలబడేది. రోజూ ఇదే తంతు.

పదిరోజులైనా గోడ వదలకపోయేసరికి నాకు పాలాయన మీద అనుమానం వచ్చింది. (మనిషికి ఎవరో ఒకరి మీద అనుమానం రావాలి కదా.) పక్క పల్లె నుంచి సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని వచ్చే మనిషి, ఇంత పొడుగు మీసాలు. "పాలు పలుచగ పోస్తే పిల్ల కాళ్లకు బలమెక్కడిది?" అని వాకిట్లో నిలబెట్టి అడిగేశాను. ఆయన క్యాన్ దించి నావంక చూశాడు. "సారూ, నా బర్రె పాలు తాగిన దూడలు గంటకే ఉరుకుతయి. నీ బిడ్డ ఎప్పుడు నడువాల్నో గప్పుడే నడుస్తది. జర ఆగు" అన్నాడు. నేనాగలేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేశాను.

ఇంతలో పక్కింటి బాయిలర్ బావ వచ్చిపడ్డాడు. మా మిల్లులోనే బాయిలర్ చూసేవాడు కాబట్టి ఆ పేరు. వాళ్ల పిల్లవాడు మా పాపకంటే పదిహేను రోజులు చిన్న. ఒక ఆదివారం పొద్దున్నే పళ్లెంలో అరిసెలు పెట్టుకొచ్చి, "మావోడు నడిశిండు బావా! గోడ గిట్ల ఏం పట్టుకోలే. మీ బిడ్డ ఇంక గోడనే పట్టుకొని ఉన్నదా?" అన్నాడు. ఆయన మంచిగానే అడిగాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. "మా పాప నిన్ననే నడిచింది" అనేశాను. అన్నాక ఇక చేసేదేముంది? డబ్బా దించాను.

మా ఆవిడ అడ్డం పడింది. "నడవకుండా పంచితే అవి అబద్ధపు అరిసెలండీ. ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టలేరా?" అంది. అబద్ధమెందుకవ్వాలి, శాస్త్రం జరిపిద్దామని నేను తెల్లబట్ట పరిచి, దానిమీద అరిసెలు పేర్చి, పాప రెండు రెక్కలూ పట్టుకుని వాటిమీద నిలబెట్టాను. రెండు చేతులూ నావే, బలమూ నాదే. పాప ఒక అరిసె తొక్కి, ఇంకో అరిసె మీద కూర్చుని, మూడోది నోట్లో పెట్టుకుంది. "అయిపోయింది, నడిచింది" అన్నాను. మా ఆవిడ మొహం తిప్పుకుంది.

బజారంతా పంచాను. పాలాయనకు మాత్రం పెట్టలేదు, పౌరుషం కదా. మిగిలినవి సంచీలో వేసుకుని మధ్యాహ్నం సూర్యాపేట బస్సెక్కాను, ఎందుకంటే మేనత్తకు అందకుండా బజారుకు అందాయని తెలిస్తే మా అక్క ఊరుకోదు. అక్క అరిసె కొరుకుతూ, "నువ్వు జూసినవారా? ఎట్ల నడిశింది?" అంది. "నా కండ్ల ముందే అక్కా! గోడ వదిలి ఉరికొచ్చి నా చేతుల్లనే పడ్డది" అన్నాను. చెబుతుంటే నాకే కళ్లు చెమ్మగిల్లాయి. అక్క కూడా కొంగుతో కళ్లొత్తుకుంది. బావగారు ఇంకో అరిసె తీసుకున్నారు.

సాయంత్రం పొద్దుగూకే వేళకు ఇల్లు చేరితే, మా ఆవిడ గడప మీదే కూర్చుని ఉంది. పాప ఒళ్లో నిద్రపోతోంది. "నడిచిందండీ" అంది. నేను హాస్యమనుకున్నాను. "నిజంగానే. సాయంత్రం పాలు తెస్తూ పాలాయన సందు మలుపులో మీలాగే మూడుసార్లు బెల్లు కొట్టాడు. మీరే అనుకుంది. గోడ వదిలేసి గుమ్మందాకా నాలుగడుగులు వేసింది. మీరు కాదని చూసి ఏడ్చింది."

ఖాళీ సంచీ పక్కన పెట్టాను. సిగ్గు లేకుండా, "అరిసెలేమైనా మిగిలాయా?" అన్నాను. "మీరు మిగల్చరని తెలిసి రెండు బియ్యం డబ్బాలో దాచాను, నిజంగా నడిచిన రోజుకి. చూసినాయనకి ఇచ్చేశాను" అంది. మరి నాకో అన్నాను. "మీరు తినొచ్చారుగా, వదినగారింట్లో" అని పాపను లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున పాపను ఎంత బతిమాలినా గోడ వదలలేదు. వదిలింది మూడో రోజున. అది నేను చూశాను, కానీ అది రెండోసారి. ఆ మర్నాడే పాలాయన కోసం వాకిట్లో నిలబడ్డాను. ఆయన గిన్నెలో పాలు పోసి, నావంక చూడకుండా సైకిల్ తిప్పుకుంటున్నాడు. "అన్నా, తప్పయింది. మా పాప ఎట్ల నడిచిందో జర చెప్పవా?" అన్నాను. ఆయన మీసం దువ్వుకున్నాడు. ఎత్తిపొడుస్తాడనుకున్నాను. "చెప్తే ఏం సమజైతది సారూ, సూడు" అని సైకిల్‌కు స్టాండు వేసి, ధోవతి ఎగ్గట్టి, మా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రెండు చేతులూ పక్కలకు చాపి, గోడ వదిలి, ఒక అడుగేసి ఊగాడు. రెండో అడుగుకు నోరు తెరిచి నవ్వాడు. మూడోది కొంచెం వంకరగా పడింది. నాలుగోదానికి గుమ్మం పట్టుకుని, తలెత్తి నా మొహంలోకి చూశాడు. బజారులో వాళ్లంతా ఆగి నవ్వుతున్నారు. నేను మాత్రం ఆ అరవయ్యేళ్ల మనిషి కాళ్లనే చూస్తూ నిలబడ్డాను.

మా అమ్మాయికి ఇప్పుడు ఒక కొడుకు. వాడు నిలబడటం మొదలుపెట్టాక ఆమెకు ఒకటే సరదా, "నాన్నా, నేను మొదట ఎట్ల నడిచాను? చేసి చూపించు" అంటుంది. నేను పేపరు పక్కన పెట్టి లేచి, గోడకు ఆనుకుని, రెండు చేతులూ చాపుతాను. మోకాళ్ల నొప్పి వల్ల ఊగడం ఇప్పుడు సహజంగానే వస్తోంది. మూడో అడుగు వంకరగా వేయడం మరిచిపోను. "అబ్బ, నిన్ననే చూసినట్టు చేస్తావు నాన్నా!" అని ఆమె చప్పట్లు కొడుతుంది. మా ఆవిడ వంటింట్లోంచి ఒకసారి తొంగిచూసి, ఏమీ అనకుండా లోపలికి పోతుంది.