రాని పీరియడ్‌కి చేసిన ఫంక్షన్

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఒకరోజు కాలేజీ బస్సులో నిలబడి ఉండగా పొత్తికడుపులో ఎవరో లోపల్నుంచి పట్టి లాగుతున్నట్టు అనిపించింది. సబ్బవరం రోడ్డులో మా ఊరు, అనకాపల్లిలో కాలేజీ. నొప్పికి నిలబడలేక కింద కూలబడిపోయాను. గ్యాస్ అనుకుని, నేరం పొద్దున తిన్న మినపరొట్టె మీదకి నెట్టేశాను. రెండ్రోజులకి నొప్పి తగ్గిపోయింది. మరుసటి నెల మళ్ళీ వచ్చింది. ఆ పైనెల కూడా.

అప్పటికి మా క్లాసులో పెద్దమనిషి కానిదాన్ని నేనొక్కదాన్నే. ఎవరైనా ప్యాడ్ ఉందా అని అడిగితే, ఇప్పుడే అయిపోయాయే అనేదాన్ని. నాకంటే చిన్నది, పక్కింట్లో ఉండే మా పిన్ని పెద్దకూతురు, అప్పటికే ఓణీ వేసేసుకుంది. అమ్మ ఏ పేరంటానికి వెళ్ళినా, మీ పిల్ల ఇంకా అవ్వలేదా అని అడిగేవారు. వెళ్ళడం మానేసింది పాపం.

ఒకరోజు పొద్దున్నే నొప్పికి మంచం మీద ముడుచుకుపోయి ఉంటే పిన్ని చూసి కేకేసింది. నాన్నవాళ్ళమ్మని మేం మామ్మ అంటాం. ఆవిడా అమ్మా పరిగెత్తుకొచ్చారు. మామ్మ పిన్నిని నీళ్ళు తెమ్మని పంపేసింది.

"ఏటే, కనబడ్డాదా?"

లేదని తల ఊపాను. మామ్మ తలుపు దగ్గరికేసి అమ్మని దగ్గరికి లాగింది. "కనబడ్డాది అనీసేద్దాం. కడుపునొప్పి వచ్చీసినాక రేపో మాపో అదీ వచ్చీద్ది. ముందు ఊరి నోరు మూయాల."

అమ్మ నావైపు చూసింది. తర్వాత వెళ్ళి తాటాకు చాప తెచ్చి వేసి, నన్ను దానిమీద విడిగా కూర్చోబెట్టింది. అంతే, నేను పెద్దమనిషినైపోయాను.

నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ముద్దలు తినిపించారు. టెంటు వేశారు, పందిరి నిండా పూలు కట్టారు, నా ఫోటోతో ఇంటెత్తు ఫ్లెక్సీ కట్టించారు. కుర్చీలో కూర్చోబెట్టి అందరూ అక్షింతలు వేస్తుంటే నేను తలెత్తలేదు. పిల్లకి ఎంత సిగ్గో అని ఆడవాళ్ళు మురిసిపోయారు. నాకైతే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. తర్వాత ఆ ఫ్లెక్సీ తీసుకెళ్ళి పశువులసాల మీద కప్పారు. కాలేజీకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దానికేసి చూడకుండా నడిచేదాన్ని.

అక్కడితో అయిపోతే బాగానే ఉండును. రేపో మాపో వస్తుందన్నది రాలేదు. అబద్ధాన్ని నెలనెలా కాపాడుకోవాల్సి వచ్చింది. నొప్పి రాగానే మామ్మ నన్ను అరుగు మీద విడిగా కూర్చోబెట్టేది, అందరికీ కనపడాలని. అమ్మ షాపులో ప్యాడ్ల ప్యాకెట్ కొని సంచిలో పెట్టకుండా చేత్తో పట్టుకుని వచ్చేది. విప్పని ప్యాకెట్లు బీరువాలో పేరుకుపోయాయి.

నొప్పి మరీ ఎక్కువైనప్పుడు అనకాపల్లిలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పిన్ని కూడా తోడొచ్చింది. "పీరియడ్స్ రెగ్యులర్‌గా వస్తున్నాయా?" అని డాక్టర్ నన్నే అడిగారు. నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది.

"నెలనెలా వత్తన్నాయండి."

అసలు సంగతి తెలియని పిన్ని పక్కనే ఉంది మరి. ఏం చెబుతుంది? "పీరియడ్ పెయిన్, చాలామందికి ఉండేదే" అని డాక్టర్ టాబ్లెట్లు రాశారు. ఆయన్ని తప్పు పట్టలేను. మేం చెప్పిన జబ్బుకే మందిచ్చారు.

డిగ్రీ మొదటి సంవత్సరంలో, ఒకరోజు పొద్దున లేచాక యూరిన్ రాలేదు. మధ్యాహ్నం దాకా చూశాం. కడుపు ఉబ్బిపోయి రాయిలా అయింది. నాన్న ఆటోలో ఎక్కించారు, అనకాపల్లిలో చూసి వైజాగ్ పంపించేశారు. అక్కడ క్యాజువాలిటీలో క్యాథెటర్ గొట్టం పెట్టి యూరిన్ తీశాక ప్రాణం లేచొచ్చింది. అయినా పొత్తికడుపులో గట్టిగా ఏదో తగులుతోందని జూనియర్ డాక్టర్ చెయ్యి తీయలేదు.

"పెళ్ళయిందా?"

"లేదండి."

ఆయన నర్సు వైపు తిరిగి, "ప్రెగ్నెన్సీ టెస్ట్ పెట్టండి" అన్నారు. నాన్న అక్కడే ఉన్నారు. బయటికెళ్ళిపోయారు. టెస్ట్ నెగెటివ్ వచ్చిందని చెప్పడానికి అమ్మ వెళ్తే, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారట. నా జీవితంలో అంతకంటే సిగ్గుపడ్డ రోజు లేదు. ఏ తప్పూ చెయ్యలేదని నాకు తెలుసు. అయినా తల కొట్టేసినట్టే అయింది.

స్కానింగ్ చేశాక పెద్ద మేడమ్ వచ్చారు. "లాస్ట్ పీరియడ్ ఎప్పుడు?" అన్నారు. అమ్మ మొదలుపెట్టబోయింది. "మీరు కాదమ్మా. అమ్మాయి చెప్పాలి. మీరు కాసేపు బయట కూర్చోండి."

తలుపు పడ్డాక చెప్పాను. "నాకు ఎప్పుడూ రాలేదండి." చెప్పి వెక్కివెక్కి ఏడ్చాను. ఫంక్షన్ సంగతి కూడా చెప్పేశాను.

మేడమ్ కోప్పడలేదు. "వచ్చిందమ్మా," అన్నారు. "నెలనెలా వచ్చింది. బయటికి దారి లేక లోపలే నిండిపోయింది. నీ నొప్పి అదే. అది ఒత్తబట్టే యూరిన్ కూడా ఆగిపోయింది."

తర్వాత అమ్మనీ నాన్ననీ పిలిచి తన రెండు చూపుడువేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించారు. "తల్లి కడుపులో ఉన్నప్పుడు ఇలాంటి రెండు గొట్టాలు కలిసి ఆడపిల్లకి గర్భసంచి, కింది దారి తయారవుతాయి. ఆ కలవడంలో తేడా వస్తే ములేరియన్ అనామలీ అంటాం. అందులో చాలా రకాలున్నాయి. కొందరికి గర్భసంచే ఉండదు. కొందరికి రెండుగా ఉంటుంది. కొందరికి అంతా బాగుండి దారిలో అడ్డుగోడ ఉంటుంది. ఏ రకమో తేలకుండా కత్తి పెట్టకూడదు. ఎమ్మారై తీద్దాం. కిడ్నీలు కూడా చూడాలి, వీటితో పాటు అక్కడా తేడా ఉండొచ్చు."

అమ్మ ఇదంతా విని ఒక్కటే అడిగింది. "నా కడుపులోనే ఇలా అయ్యిందాండీ? నాను ఏటి తిన్నానో ఏటో..."

"మీరేం చెయ్యలేదు," అన్నారు మేడమ్.

ఎమ్మారై మిషన్ లోపల ఆ దబదబల మధ్య పడుకుని, నేను ఏ రకమో అని భయపడుతూనే ఉన్నాను. గర్భసంచి రెండుగా ఉంటే? కిడ్నీ ఒకటే ఉంటే? రిపోర్ట్ చూసి మేడమ్ చెప్పారు: ట్రాన్స్‌వర్స్ వెజైనల్ సెప్టమ్. అంటే దారికి అడ్డంగా గోడ. గర్భసంచి ఒకటే, బాగుంది. కిడ్నీలు రెండూ ఉన్నాయి. అమ్మ లిఫ్ట్ దగ్గరే దణ్ణం పెట్టుకుంది.

ఆపరేషన్ చేసి గోడ తీసేశారు. అయిపోయిందనుకున్నాం గానీ, పీరియడ్ ఒక్కసారైనా బయటికి రాకముందే దారి మళ్ళీ సన్నబడి నొప్పి తిరగబెట్టింది. ఇంకోసారి సరిచేసి, మళ్ళీ మూసుకుపోకుండా దారిలో పెట్టుకునే డైలేటర్ అనే నున్నటి కడ్డీ వాడమన్నారు. అది ఎలా వాడాలో నర్సు చెబుతుంటే నేను గోడకేసే చూశాను. ఇంట్లో గడియ వేసుకోవడానికి కూడా సిగ్గే. ఎందుకేసుకున్నానో అందరికీ తెలుసు కదా! అయినా వాడాను.

తర్వాత నిజంగా పీరియడ్ వచ్చిన రోజు అమ్మకి చెబితే, గరిట పట్టుకుని అలాగే పీట మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి బీరువాలోంచి పాత ప్యాకెట్ ఒకటి తీసిచ్చింది. మామ్మ ఎవరికీ చెప్పకుండా చిమ్మిలి చేసి నా చేతిలో పెట్టింది.

"మేడమ్ సెప్పింది ఇన్నావా? అప్పుడే పెద్దమనిసివయ్యేవంట. అయితే నాను అబద్దమాడలేదన్నమాట."

"ఊరందరికీ నిజమే చెప్పావు మామ్మా. ఒక్క డాక్టర్‌కే అబద్ధం చెప్పాం."

మామ్మ ఇంకో ముద్ద పెట్టింది.

ఇప్పుడు అనకాపల్లిలో చిన్నపిల్లల బట్టల షాపులో పనిచేస్తున్నాను. నెలనెలా వస్తోంది, చెకప్‌కి వెళ్ళొస్తున్నాను. సిగ్గు పూర్తిగా పోయిందంటే అబద్ధమే. అందుకే ఇక్కడ నా పేరు రాయలేదు. పెళ్ళిమాట వస్తే ముందే అంతా చెబుతానని ఇంట్లో చెప్పాను. తీరా ఆ రోజు నోరు పెగులుతుందో లేదో!

చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. పదిహేనేళ్ళొచ్చినా పెద్దమనిషి కాకపోతే, లేదా కాకుండానే నెలనెలా కడుపునొప్పి వస్తుంటే, ఊరికి మీరేం చెప్పుకున్నా సరే, గైనిక్ డాక్టర్‌కి చూపించండి. అడిగినదానికి జవాబు పిల్లనే చెప్పనివ్వండి.

మొన్న పిన్ని రెండోకూతురికి కడుపునొప్పి ఎక్కువైతే అందరం కలిసి ఆస్పత్రికి వెళ్ళాం. దానికీ ఈమధ్యే ఫంక్షన్ చేశారు. లోపలికి పిలిచి, "పీరియడ్స్ వస్తున్నాయా?" అని డాక్టర్ అడిగారు. పిన్ని నోరు తెరిచింది. అమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వూరుకో సెల్లీ. పిల్లని సెప్పనీ."

అంటున్నప్పుడు అమ్మ ఎవరి మొహమూ చూడలేదు. నా మొహం అసలే చూడలేదు. పిన్నిని లేపి బయటికి తీసుకెళ్ళిపోయి, తలుపు దగ్గరికేసింది.