పరీక్ష తర్వాతి సీతాఫలం

మా గల్లీలో షుగర్ ఉన్నవాళ్లకంటే లేనివాళ్లను లెక్కపెట్టడం తేలిక. నాకు వచ్చి చాలా ఏళ్లయింది. మా పైవాటాలో ఉండే ఆపాకు నాకంటే ముందే వచ్చింది. ఆపా అంటే అక్క, కానీ నాకు చుట్టం కాదు, నాకంటే పదేళ్లు పెద్దది. ఇంట్లోనే కార్‌చోబ్ పని చేస్తుంది. చెక్క చట్రానికి బట్ట బిగించి, దాని ముందు నేల మీద కూర్చుని జరీ, పూసలు కుట్టే పని అది. నేను నయాపూల్ దగ్గర ఒక వకీలు గారి ఆఫీసులో టైపు చేస్తాను. ఆమె నమాజు, నా పూజ, ఆమె ఖీమా, నా పప్పుచారు, ఏవీ కలవవు. కలిసింది షుగర్ ఒక్కటే. అది మాత్రం బాగా కలిసింది.

మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోమని డాక్టర్ చెప్పాడు. ఆ తారీఖు దగ్గరపడుతోందంటే రెండిళ్లలోనూ వంట మారిపోయేది. జొన్నరొట్టె, కాకరకాయ, పొద్దున్నే మెంతులు నానబెట్టిన నీళ్లు. చాయ్‌లో చక్కెర బంద్. సాయంత్రం ఇద్దరం డాబా మీద చుట్లు తిరిగేవాళ్లం. మా ఆయన మెట్ల కింద నిలబడి, "ఏంది, హాల్‌టికెట్లు వచ్చినయా?" అని అరిచేవాడు. ఆయన వెటకారంలో అబద్ధమేమీ లేదు. ఏడాదంతా పుస్తకం ముట్టకుండా పరీక్ష ముందు రెండు రోజులు రాత్రింబవళ్లు చదివే పిల్లల్లాగే ఉండేవాళ్లం మేము. షుగర్ తగ్గాలని కాదు, రిపోర్టు బాగుండాలని.

శాలిబండలోని ల్యాబుకు పరగడుపున వెళ్లి ఒకసారి రక్తం ఇవ్వాలి. తర్వాత టిఫిన్ తిని రెండు గంటలు ఆగి మళ్లీ ఇవ్వాలి. నేను డబ్బాలో రెండు ఇడ్లీలు తీసుకెళ్లేదాన్ని. ఆపా అరరొట్టె, ఉడికించిన గుడ్డు తెచ్చుకునేది. ఆ రెండు గంటలూ బల్ల మీద పక్కపక్కన కూర్చుని మేము మాట్లాడుకునేది షుగర్ గురించి కాదు, ఆ తర్వాత తినబోయే దాని గురించి. రెండో సూది గుచ్చి దూది పెట్టగానే, దూది చేతికి నొక్కుకుంటూనే ఆటో ఎక్కేవాళ్లం. ఫలక్‌నుమా వెళ్లే రోడ్డు మీద బర్గర్ల దుకాణం ఒకటుంది. బర్గర్లు మాకక్కర్లేదు. అక్కడ సీజన్‌కొక తీపి పెడతారు. ఎండాకాలం మామిడి కప్పు, చలికాలం స్ట్రాబెర్రీ, రంజాన్ నెలలో ఖుబానీ అనే ఎండుపండ్ల తీపి. అది మాత్రం ఆపా రోజా ఉపవాసం విడిచాక ఇంటికి పార్సిల్ తెచ్చుకునేవాళ్లం. దసరా దాటాక సీతాఫలం. అన్నిట్లోకీ మాకు సీతాఫలం అంటేనే ప్రాణం.

నయాపూల్ మీద గంపల్లో అసలు సీతాఫలాలే అమ్ముతారు. నేను రోజూ వాటి ముందు నుంచే నడుస్తాను. కానీ సీతాఫలం తినాలంటే సగం పొద్దు గింజలు ఊయడానికే పోతుంది. ఇక్కడ ఎవరో ఆ గింజలన్నీ తీసి, గుజ్జును ఐస్‌క్రీమ్‌లో కలిపి, పైన మళ్లీ చక్కెర పాకం పోసి చేతికిస్తారు. అందులో పండెంతో పాకమెంతో దేవుడికెరుక. ఆపా దానికొక సిద్ధాంతం కూడా కనిపెట్టింది. "సల్లటి చక్కెర రక్తంలకు జల్ది పోదు చెల్లె. పోయేలోపల మనం డాబా మీద నాలుగు చుట్లు కొడితే అయిపాయె." నేను నమ్మలేదు. నమ్మనని చెప్పనూ లేదు. నా నోట్లో చెంచా ఉంది.

రిపోర్టు చూసి డాక్టర్ "వెరీ గుడ్ అమ్మా" అనేవాడు. ఈ వయసులో మమ్మల్ని వెరీ గుడ్ అనేవాళ్లు ఇంకెవరున్నారు? అవే మాత్రలు, అదే మోతాదు రాసిచ్చేవాడు. మేము పాసైన ముఖాలతో ఇంటికొచ్చేవాళ్లం.

పోయిన ఎండాకాలం ఆపా కాలిలో సూది దిగింది. కార్‌చోబ్ సూదే, పని ముందు కూర్చుని లేచేటప్పుడు గుచ్చుకుని విరిగి, సగం పాదంలోనే ఉండిపోయింది. ఆమెకు తెలియలేదు. ఆ కాలితోనే బజారుకెళ్లి కూరగాయలు తెచ్చింది, నాతో డాబా మీద నడిచింది. మర్నాడు చెప్పుకు నెత్తురంటి ఉంటే, ఏ గాజుపెంకు మీదో కాలు వేశానేమో అనుకుని చెప్పు కడిగి ఆరబెట్టింది. పాదం వాచి, నలుపెక్కి, జ్వరం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ చేసిన పరీక్ష వేరు. అది నిన్నటి షుగర్ చెప్పదు, మూడు నెలల షుగర్ మొత్తం చెబుతుంది. కాకరకాయకు అది లొంగదు. రెండు వేళ్లు తీసేశారు.

ఆ రోజు నేను ఆసుపత్రి వరండాలోనే ఉన్నాను. ఆపా కోడలు ఏడుస్తోంది. ఏడవాలని నాకూ అనిపించింది, కానీ ఏడుపు రాలేదు. క్యాంటీన్‌లో చాయ్ బాగుందా అని ఎవరినో అడిగాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను, పడుకున్నాను, నిద్ర పట్టింది. మర్నాడు ఆఫీసుకెళ్లి ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. అప్పటి నుంచీ అలాగే ఉన్నాను. మా ఆయన ఏదైనా జోకు వేస్తే నవ్వాల్సిన చోట నవ్వుతాను. మామిడి సీజన్ ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. దుఃఖమైతే దుఃఖం అని చెప్పుకోవచ్చు. ఇది అదీ కాదు.

ఆపా సంగతి విన్నాక మా డాక్టర్ నా కాళ్లకు స్పర్శ ఉందో లేదో చూస్తానన్నాడు. చేపల గాలానికి కట్టే దారం లాంటిది ఒకటి తీశాడు. కళ్లు మూసుకోమన్నాడు. పాదం మీద దాన్ని ఆనిస్తాను, తెలిసినప్పుడల్లా చెప్పు అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను, అయితే రెప్పలు పూర్తిగా అంటించలేదు. దారం కిందికి దిగినప్పుడల్లా "ఆఁ" అన్నాను. ఒకటీ తప్పలేదు. డాక్టర్ "వెరీ గుడ్" అన్నాడు. మూడు నెలల షుగర్ పరీక్ష కూడా ఒకసారి చేయించు అని చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. నా కాళ్లకు ఇంకా తెలుస్తోందా, పోయిందా? తేలాల్సింది అదొక్కటే. పోయిందని తేలితే ఆపా వెళ్లిన దారి నాదీ అవుతుంది. అందుకే తేలకుండా చూసుకుంటున్నాను. ఇదేదో తెలివైన పని అనుకోలేదు. అసలు దేని గురించీ అంతగా అనుకోవడం లేదు.

దసరా వెళ్లిపోయింది. ఆపా పుండు మానింది. కాళ్లకు నల్లటి మెత్తటి రబ్బరు చెప్పులు ఇచ్చారు. పొద్దునా రాత్రీ ఇన్సులిన్ పొడుచుకుంటోంది. ఒక ఆదివారం మెట్ల మీద నుంచి పిలిచింది.

"చెల్లె, సీతాఫలం బోర్డు పెట్టిన్రంట. నడువ్, పోదాం."

"ఆపా, నీకు బుద్ధుందా?"

"డాక్టర్‌ను అడిగిన. ఒక్క చెంచ తిను అన్నడు. ఏ సైజు చెంచనో చెప్పలే."

నాకు వెళ్లాలనీ లేదు, వద్దనీ లేదు. వెళ్లాను.

ఆటోలో ఆమె ఒక అంచున కాలు చాపుకుని కూర్చుంది. దుకాణంలో పైఅంతస్తు ఆడవాళ్లతో వచ్చేవాళ్లకు. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. నా భుజం మీద చేయి వేసి, ఒక్కో మెట్టు దగ్గరా కిందికి చూసుకుంటూ ఎక్కింది. కాలు ఎక్కడ పడుతోందో కంటితో చూస్తే తప్ప ఆమెకు తెలియదు. కిటికీ పక్కన కూర్చున్నాం. ఎదురు బల్ల దగ్గర ఒక కుటుంబం బర్గర్లు తింటోంది. ఫ్యాను పెద్దగా తిరుగుతోంది. నేను అలవాటుగా చెప్పులు విడిచి కాళ్లు చల్లటి నేల మీద పెట్టాను. చల్లటి నేల అని అనుకుని పెట్టాను.

కప్పులు వచ్చాయి. ఆపా ఒక చెంచా తీసుకుని నోట్లో పెట్టుకుంది, చాలాసేపు మింగలేదు. కళ్లు మూసుకుని, "హాయ్ అల్లా, మస్తుగుంది" అంది. రెండో చెంచా తీసుకోలేదు. కప్పు నా వైపు జరిపేసి, చున్నీ కొనతో మూతి తుడుచుకుంది. అంత పట్టుదల ఆమెలో ఉందని నాకు ఇన్నేళ్లుగా తెలియదు. ముందే ఉంటే ఆ రెండు వేళ్లు ఉండేవేమో అని నాకు కోపం వచ్చింది, ఆమె మీదా నా మీదా. కోపం రావడం బాగానే అనిపించింది. ఆ కోపంతోనే నా కప్పు సగం తినేశాను. తియ్యగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు.

"నువ్వు మూడు నెలల టెస్టు చేయించినవా?" అని ఆపా అడిగింది.

"చేయిస్తలే ఆపా. ఆఫీసుల పని మస్తుంది."

"చీటీ ఏడున్నది?"

నేను చెంచాతోనే బ్యాగు వైపు చూపించబోయాను. చెంచాలో ఉన్న ఐస్‌క్రీమ్ ముద్ద జారిపోయింది. టిష్యూ తీసుకుని బల్ల కింద నేల మీద వెతికాను. గచ్చు మీద ఎక్కడా లేదు. బ్యాగు మీద పడిందేమోనని చూశాను. అక్కడా లేదు. నేను అటూ ఇటూ వెతుకుతుంటే ఆపా నా వైపే చూస్తోంది.

"ఏం దేవులాడుతున్నవ్?" అంది. "నీ కాలు మీదనే ఉంది కద."

చూసుకున్నాను. కుడికాలు బొటనవేలి పక్కన తెల్లటి ముద్ద. అప్పటికే కరిగి వేళ్ల సందుల్లోకి దిగుతోంది.

"సల్లగ తెలుస్తలేదా?"

ఎప్పటి జవాబు నాలుక మీదికి వచ్చింది. కానీ ఆమె డాక్టర్ కాదు. వెరీ గుడ్ అనదు.

"లేదు ఆపా," అన్నాను. నాకు భయమేసింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఒళ్లంతా భయమేసింది.

ఆపా పక్క కుర్చీ లాగి, నా రెండు కాళ్లూ ఎత్తి దాని మీద పెట్టించింది. చున్నీతోనే తుడిచింది. వద్దంటే వినలేదు. ఎదురు బల్లవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. వాడని ప్లాస్టిక్ చెంచా ఒకటి తీసి దాని కాడను పట్టుకుంది.

"కండ్లు ముయ్యి. దొంగతనంగ చూడొద్దు," అని చున్నీ రెండో కొనను నా ముఖం మీద కప్పేసింది. "నేను ముట్టినప్పుడు చెప్పు."

ఈసారి నిజంగానే కళ్లు మూసుకున్నాను. చున్నీలోంచి అత్తరు వాసన, దాని వెనక మందుల వాసన వస్తున్నాయి. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. కింద రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. పాదం మీద ధ్యాసంతా పెట్టి కూర్చున్నాను. ఆపా చెంచా ఎక్కడ ఆనించాలా అని చూస్తోందేమో, ఎదురు బల్లవాళ్లు చూస్తున్నారని ఆగిందేమో అనుకున్నాను. ఎంతకీ ఏమీ చేయడం లేదు. నాకు విసుగొచ్చింది.

"మొదలుపెట్టు ఆపా," అన్నాను.

"అయిపోయింది చెల్లె," అంది ఆమె. "రెండు కాళ్లూ చూసిన."