రేకు మగ్గు ఎవరికి?

మధ్యాహ్నం మా ఇంట్లో ఒకటి జరిగింది. అదే రాస్తున్నాను.

మా మనవరాలి కాలేజీలో చదవడానికి మా పక్క దేశం మొజాంబిక్ నుంచి వచ్చిన మరియా, ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు కావాలని శనివారాలు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని మా ఇంటికి వస్తోంది. ఇద్దరం కబుర్లు చెప్పుకుంటాం. వాళ్లమ్మ కూడా నాలాగే, పిల్ల ఇల్లు చేరేదాకా గుమ్మంలోనే నిలబడేదట.

ఈ రోజు టీకి గులాబీల కప్పులు తీశాను. మమ్మల్ని చూడ్డానికొచ్చిన మా వదిన వంటింట్లోకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే, ఆ నల్లపిల్లకి మంచి కప్పా? సింకు కింద రేకు మగ్గు లేదూ? పక్కింటోళ్లు చూస్తే ఏమంటారు?"

ఇంట్లో పనిచేసే నల్లవాళ్లకని విడిగా ఉంచిన మగ్గు అది. మా దేశంలో నల్లవాళ్లకీ తొలిసారి ఓటొచ్చిన రోజున అందరం ఒకే వరుసలో నిలబడ్డాం. మగ్గు మాత్రం సింకు కిందే ఉండిపోయింది.

"అననీ వదినా," అన్నాను. మరియాకి గులాబీల కప్పులో టీ ఇచ్చాను. రేకు మగ్గు తీసి, శుభ్రంగా కడిగి, అందులో వదినకి పోశాను. "కూర్చో వదినా, చల్లారిపోతుంది."

వదిన ముట్టుకోకుండా వెళ్లిపోయింది. ఇక మా గడప తొక్కదేమోనని బెంగగానే ఉంది. ఆ టీ మాత్రం పారబొయ్యలేదు, ఆ మగ్గులోనే నేను తాగాను. బాగానే ఉంది.

మీ సింకు కింద కూడా అలాంటి మగ్గు ఉందా? చెప్పండి.